ఒసాకాలో ఆ పూట నేనెక్కడున్నాను

అల్ రువైస్, ఖతర్.
శుక్రవారం, మధ్యాహ్నం.

బావకు శివకుమారి రాసేది. నేను బాగున్నాను. ఒంట్లో ఏ నలతా లేదు, వేళకు తింటున్నాను, నిద్ర ఒక్కటే సరిగ్గా రావడం లేదు. నువ్వూ అత్తా మాలతీ చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. ఉన్నారనే నమ్మకంతో ఈ జాబు మొదలుపెడుతున్నాను.

ఇక్కడే పనిచేసే మన ఊరి రఫీయుద్దీన్ సెలవు ముగించుకుని వచ్చి నీ జాబూ, అత్త పంపిన చెనిక్కాయల పొడీ ఇచ్చి పోయాడు. పొడి అప్పుడే సగానికి వచ్చింది. నీ జాబు మాత్రం ఇంకా మింగుడు పడలేదు.

ఫోన్‌లోనే చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. నీ పక్కన అత్త ఉంటుంది, అత్త పక్కన వీధిలో వాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. నేను ఇక్కడ దగ్గితే అక్కడ నలుగురు మందు చెబుతారు. ఇది నలుగురు వినే మాట కాదు. ఎదురింట్లో డ్రైవరు పని చేసే తిమ్మప్ప రేపు సెలవు మీద ఊరికి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ పడుకున్నారు. నేను చూసుకునే పెద్దామె, అదే ఫహద్ సారు వాళ్ళ అమ్మ, ఆమె కూడా కునుకు తీస్తోంది. ఆమెను ఇంట్లో అందరూ యుమ్మా అంటారు, నేనూ అలాగే అంటాను. ఆమె లేచి గంట కొట్టేలోపు రాయగలిగినంత రాస్తాను.

నువ్వు జాబు నిండా ఏవేవో అడిగి, అన్నీ అయ్యాక అట్టడుగున రాశావు చూడు: "జపాన్‌లో తప్పిపోయిన దినం సాయంత్రం దాకా యాడున్నావు? ఎవురితో ఉన్నావు? అంతసేపూ దారి తెలీకనే తిరిగినానని మన మాలతి నెత్తిన ఒట్టేసి రాయి. ఊర్లో ఎవడు ఏం మాట్లాడినా నేను చూసుకుంటా. ఒట్టేసి రాయలేకపోతే ఇంటికి రావద్దు." ఆ ఆఖరి మాట కింద గీత కూడా గీశావు. కాగితం చిరిగేటట్టు గీశావు.

నాకు కోపం వచ్చింది బావా. ఎంత కోపమంటే, ఆ రోజు పిండి కలుపుతూ కలుపుతూ గిన్నెను బండకేసి కొట్టాను. ఆ ఏజెంటు గయాజ్ ఫోన్ చేసి "నీ పెండ్లాం జపాన్‌లో పారిపోయింది" అన్నప్పుడు నువ్వు ఆటో స్టాండులో ఉన్నావంట. అక్కడా స్పీకరే పెట్టి విన్నావంట. నీ అలవాటుకు నా పరువు పోయింది, ఇప్పుడు ఒట్టు నేను వెయ్యాలా?

సరే, జవాబు రాస్తాను. రాయకుండా తప్పించుకోను. కానీ ముందు మిగతావి రాస్తాను. నా కోపం కొంచెం దిగాలి, నీకు కొంచెం ఓపిక రావాలి. పేజీలు తిప్పి చివరికి పోవద్దు. పోతావని తెలుసు, అయినా చెబుతున్నాను.

అత్త మోకాళ్ళకు యుమ్మాకి రాసే మందే రెండు ట్యూబులు తిమ్మప్పకు ఇస్తున్నాను. పడుకునే ముందు రాసి పాత గుడ్డ చుట్టమను. రాసిన చేత్తో కళ్ళు తుడుచుకోవద్దని గట్టిగా చెప్పు. పోయినసారి ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచిందని మాలతి చెప్పి పడీపడీ నవ్వింది. వంటింటి రేకుల మీద కోతులు దూకుతున్నాయని రాశావు కదా, ఇప్పుడే మార్చకు, నేనొచ్చాక చూద్దాం. చూశావా, నేనొచ్చాక అని చెయ్యి దానంతట అదే రాసేసింది.

మాలతి అడిగిన వాటికి ఈ పేరాలు చదివి వినిపించు. ఇవి అందరూ వినొచ్చు, నీ స్పీకరు పెట్టుకో.

జపాన్‌లో మంచు పడిందా అని అడిగింది. మంచు పడలేదు తల్లీ, పూలు పడ్డాయి. రంజాన్ పండగ సెలవులకు సారు ఇంటిల్లిపాదినీ తీసుకుపోయాడు. యుమ్మా ఉంది కాబట్టి నన్నూ తీసుకుపోయారు. ఆ ఊరి పేరు ఒసాకా. అక్కడ అప్పుడే పూలకాలం. చెట్టుకు ఆకు ఒక్కటీ లేదు, కొమ్మ కొమ్మకూ పూలే. గాలి వీస్తే రోడ్డు మీద, కార్ల మీద, మనుషుల నెత్తిన రాలుతాయి. ఎవరూ దులుపుకోరు. సూటు వేసుకున్న ఆఫీసరు ఒకాయన భుజం నిండా పూలతోనే రైలెక్కాడు.

పచ్చి చేపలు తింటారా అంటే, తింటారు. మేము తినలేదు. సారు వాళ్ళు హలాల్ హోటళ్ళు ఎక్కడున్నాయా అని ఫోనులో వెతుక్కుంటూ మైళ్ళు నడిపించేవాళ్ళు. అన్నం వండే కరెంటు గిన్నె మేడం సూట్‌కేసులో పెట్టుకొచ్చింది కాబట్టి బతికాను. రూములో తలుపు వేసుకుని వేడన్నంలో ఊరగాయ కలుపుకుంటే ఆ వాసన లిఫ్ట్ దాకా పోయింది.

రోబోలు తిరుగుతాయా అని అడిగింది. ఒక హోటల్లో పిల్లి మొహం పెట్టుకున్న బండి పళ్ళాలు మోసుకుంటూ మా టేబులు దగ్గరికి వచ్చి ఆగింది. యుమ్మా దానికి సలాం చెప్పింది. అది బదులు చెప్పలేదని అలిగింది కూడా.

రైళ్ళలో అంత జనం ఉంటారు, ఒక్కరూ గట్టిగా మాట్లాడరు. ఫోన్ మోగినా ఎత్తరు. మీ నాన్న అయితే మొదటి స్టేషనులోనే దించేస్తారు. అరటిపండు తిని తొక్క పడేద్దామంటే ఎంత నడిచినా చెత్తబుట్ట లేదు, కానీ నేల మీద కాగితం ముక్క కూడా లేదు. తొక్కను కోటు జేబులో పెట్టుకుని పొద్దంతా తిరిగాను. ఆ కోటు మేడంది, పాతదని నాకిచ్చింది. చేతులు నా వేళ్ళు దాటి వేలాడుతుంటే యుమ్మా నన్ను గద్దలను తరిమే దిష్టిబొమ్మ అనేది. ఇక బాత్‌రూముల సంగతి. కూర్చునే దాని పక్కన టీవీ రిమోటంత మీటల పలక ఉంటుంది. ఏది దేనికో తెలీదు. నేను లేచి నిలబడి ఒకటి నొక్కాను. నీళ్ళు ఎదురు గోడ దాకా చిమ్మాయి. కోటంతా తడిసింది. బయట యుమ్మా "ఏమైంది, ఏమైంది" అని ఒకటే కేక. మీ నాయనమ్మకు ఇది తప్పకుండా చెప్పు.

మాలతికి ఇంతే. ఇక్కడి నుంచి నువ్వొక్కడివే చదువు.

గంట కొట్టింది. వస్తాను.

యుమ్మాకి టీ ఇచ్చి, కాళ్ళు నొక్కి, సముద్రం వైపు కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాను. పడవలు చూస్తూ కూర్చుంటే ఆమెకు పొద్దు పోతుంది. నాకే పోవడం లేదు. జపాన్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ కాలు ఒకచోట నిలవదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతున్నాను. ఇందాక ఈ కాగితం దగ్గర కూర్చున్నా అరపేజీకొకసారి లేచి గేటు దాకా పోయి వస్తున్నాను. గేటు అవతల ఏమీ లేదు, ఎండ తప్ప.

సరే, ఆ రోజు సంగతి.

నీకు ముందు ఒకటి చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. ఈ ఇంట్లో యుమ్మా కోసం లిఫ్ట్ పెట్టించారు. సారు లిఫ్ట్‌లో ఉంటే నేను ఎక్కను. ఎక్కవద్దని ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళం అందరం అంతే. మగమనిషి ఎక్కితే ఒక అడుగు వెనక్కి వేసి నిలబడతాం. అది పైకి పోయి మళ్ళీ కిందికి వచ్చాక ఎక్కుతాం. నాలుగేళ్ళుగా ఇదే. ఆలోచించి చేసేది కూడా కాదు, కాలే వెనక్కి పోతుంది.

ఒసాకాలో ఉమెదా అని పెద్ద స్టేషను. స్టేషను అంటే మన కడప స్టేషను అనుకోవద్దు. నేల కింద అంగళ్ళ వీధులు, వాటికింద రైళ్ళు, పైన మళ్ళీ రైళ్ళు, ఆ రైళ్ళ పైన మళ్ళీ అంగళ్ళు. మేము దిగిన హోటలు ఆ స్టేషను పక్కనే. అక్కడికి పోయినప్పటి నుంచీ యుమ్మా చక్రాల కుర్చీని సారే తోస్తున్నాడు. ఇక్కడ ఎప్పుడూ ముట్టుకోడు, అక్కడేమో కొడుకు తోస్తుంటే తల్లి రాణిలా కూర్చుంది. నాకు సంతోషమే అనిపించింది కానీ, నా చేతులకు ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఊరికే వెనకాల నడిచేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిని స్టేషనులో లిఫ్ట్ దగ్గరికి వచ్చాం. సారు కుర్చీ తోసుకుని లోపలికి పోయాడు. మేడం, పిల్లలిద్దరూ ఎక్కారు. ఇంకా చోటుంది. సారు తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి "యల్లా, తాలీ!" అన్నాడు, రా రా అని. మంచిగానే పిలిచాడు. నా కాలు వెనక్కి పోయింది. పైగా "మీరు పోండి, వస్తా" అన్నట్టు నవ్వి చెయ్యి ఊపాను. తలుపు మూసుకుంది.

తర్వాత వచ్చిన లిఫ్ట్ ఎక్కాక గాని నాకు తెలియలేదు, వాళ్ళు ఏ అంతస్తుకు పోయారో నేను అడగనేలేదని. మీటలు చూస్తే పైకి కొన్ని, నేల కిందికి కొన్ని. ఒకటి నొక్కాను. ఎక్కినప్పుడు ముందు తెరుచుకున్న తలుపు దిగేటప్పుడు వెనక తెరుచుకుంది. బయటికొస్తే అంతా కొత్త. మళ్ళీ ఎక్కాను, ఇంకోటి నొక్కాను. అట్లా పైకీ కిందికీ తిరిగి, మొదట ఎక్కిన చోటు కూడా పోగొట్టుకున్నాను. నా ఫోనుకు నెట్టు సారు ఫోను నుంచే వచ్చేది. సారు దూరమైతే నా ఫోను ఉత్త అద్దం. చుట్టూ జనం, ఒకరికొకరు తగలకుండా ఏరులా పోతున్నారు. ఆ ఏట్లో నేనొక్కదాన్నే అడ్డంగా నిలబడి ఏడ్చాను. భాష రాదు. పాస్‌పోర్టు మేడం దగ్గర ఉంది. పోలీసులు పట్టుకుంటే ఏం చెప్పాలి? అప్పుడు నిజంగా భయపడ్డాను బావా. ఇది మాత్రం ఇప్పుడే ఒట్టేసి రాయగలను.

బన్నులు అమ్మే అంగట్లో ఒకామె నన్ను చూసింది. నా వయసే ఉంటుంది. కళ్ళు తుడుచుకోమని కాగితం ఇచ్చింది. హోటలు వాళ్ళు ఇచ్చిన కార్డు నా పర్సులో ఉందని అప్పుడు గుర్తొచ్చి చూపించాను. ఆమె అంగడిని పక్కామెకు అప్పగించి, నా ముందు నడిచింది. రెండు మెట్ల వరుసలు ఎక్కి, తలుపు దాటి వెలుతురులోకి తెచ్చి వేలు చూపించింది. రోడ్డుకు అవతల మా హోటలు. పేరు పెద్ద అక్షరాలతో కనబడుతోంది. నేను దణ్ణం పెట్టాను. ఆమె వంగింది. ఆమె వంగిందని నేను మళ్ళీ దణ్ణం పెట్టాను, నేను పెట్టానని ఆమె మళ్ళీ వంగింది. అట్లా ఎంతసేపు చేశామో, ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆమె వెళ్ళిపోయింది.

ఇక్కడ ఆపి మళ్ళీ లేచాను. వంటింటి వెనక గేటు దగ్గర తిమ్మప్ప పిలుస్తున్నాడు.

"అక్కా, జాబు అయిపాయనా?"

"ఇంగా లేదు తిమ్మప్పా."

"అంత ఏం రాస్తాండావక్కా? దారి తప్పినా, మాలతి మీద ఒట్టు. ఈ రెండు మాటలు చాలు గదా. ఒట్టు సంగతి మీ ఆయనే ఫోన్‌లో నాకు చెప్పినాడు, రాస్తే మా ఆంజన్న మెత్తబడిపోతాడు." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఊర్లో మాటలు బాగలేవక్కా. మా ఇంట్లో ఆడోళ్ళు కూడా ఫోన్ చేసినప్పుడల్లా అదే అడుగుతాండారు. నువ్వు నిజ్జంగా తప్పిపోయినావు గదా? మల్ల ఒట్టేసేదానికి ఏమి?"

నేను గేటు గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. తిమ్మప్ప తల గోక్కుని, "సరే, పొద్దున్నే వస్తా. ఏది రాసుకుంటావో రాసుకో" అని పోయాడు.

నువ్వు ఒట్టు అడక్కపోయి ఉంటే నేను హాయిగా అబద్ధం రాసేదాన్ని బావా. సారుకు చెప్పాను, మేడానికి చెప్పాను, పోలీసుకు కూడా చెప్పాను, నాలుక తడబడలేదు. బన్నుల ఆమె నాకు సాయంత్రం దొరికిందని చెప్పాను. నీకూ అదే చెప్పి పడుకునేదాన్ని. నువ్వేమో పిల్ల నెత్తిన పెట్టావు. పిల్ల నెత్తిన అబద్ధం ఆడలేను. అది నీకు తెలిసే అడిగావు, గడుసువాడివి.

బన్నుల ఆమె నాకు హోటలు చూపించేసరికి తిన్న అన్నం కూడా అరగలేదు. ఇంకా ఎండ నడినెత్తిన ఉంది. రోడ్డు దాటితే హోటలు. సిగ్నలు దగ్గర పిట్ట కూసినట్టు చప్పుడు వస్తే అందరూ దాటారు. నేను నిలబడ్డాను. ఎర్ర లైటు పడి, మళ్ళీ పిట్ట కూసింది. దాటలేదు. మూడోసారి కూసినప్పుడు నేను పక్కకు తిరిగి నడవడం మొదలుపెట్టాను.

అప్పుడు నా చేతుల్లో కుర్చీ లేదు, మందుల సంచి లేదు, పిల్లల నీళ్ళ సీసాలు లేవు. నా పేరు పెట్టి ఎవరూ పిలవడం లేదు. పెళ్ళికి ముందు మా ఇంట్లో పిలుపు, పెళ్ళయ్యాక మీ ఇంట్లో పిలుపు, ఇక్కడ గంట. ఏదో ఒక పిలుపుకు "వస్తున్నా" అనని పూట నాకు గుర్తులేదు. ఒక సందు తిరిగితే చూద్దాం అనుకున్నాను. ఆ సందు తిరిగితే ఇంకో సందు కనిపించింది.

అక్కడ ఒక పెద్ద బిల్డింగు నెత్తిన ఎర్రటి జెయింట్ వీల్ తిరుగుతోంది. ఊరి నడిమధ్య, మిద్దె మీద! చిన్నప్పుడు తిరునాళ్ళలో ఎక్కుతానంటే పావడ ఎగురుతుందని మా నాయన ఎక్కనివ్వలేదు. పెళ్ళయ్యాక నిన్ను అడిగితే కళ్ళు తిరుగుతాయి అన్నావు. నీ కళ్ళు తిరుగుతాయి బావా, నావి కాదు. పండక్కి యుమ్మా అందరికీ ఇచ్చినట్టు నాకూ జపాన్ నోట్లు ఇచ్చింది, అవి పర్సులో ఉన్నాయి. లోపలికి పోయాను, మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ దాని దగ్గరికి చేరాను. టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒక వేలు చూపించి ఒక్కరేనా అని అడిగింది. నేనూ ఒక వేలు చూపించాను. అద్దాల పెట్టె తలుపు తీసి నన్ను కూర్చోబెట్టి బయట గొళ్ళెం వేసింది.

పైకి పోతుంటే మొదట రోడ్లు కనబడ్డాయి, తర్వాత రైళ్ళు, తర్వాత ఎక్కడో ఏరు. పై అంచుకు చేరినప్పుడు మా హోటలు కూడా కనబడింది. అక్కడ నాకోసం వెతుకుతుంటారని తెలుసు. తెలిసి కూడా నాకు నవ్వొచ్చింది. గట్టిగా, నోరు తెరిచి నవ్వాను. దిగాక మళ్ళీ డబ్బులు కట్టి మళ్ళీ ఎక్కాను.

తర్వాత ఆ ఏటి వైపు నడిచాను. చాలా దూరం. గట్టు పొడుగునా పూల చెట్లు, చెట్ల కింద నీలం పట్టలు పరుచుకుని జనం తింటున్నారు, తాగుతున్నారు, పడుకుని ఆకాశం చూస్తున్నారు. మెట్ల మీద కూర్చున్నాను. రోడ్డు పక్కన మిషనులో డబ్బులు వేస్తే వేడి డబ్బా పడింది. కాఫీ అనుకుంటే మొక్కజొన్నల చారు. అదే తాగాను. ఎవరో అడిగారు, ఫోటో తియ్యమని. తీశాను. వాళ్ళు నన్నూ తీస్తామన్నారు, వద్దన్నాను. చెప్పులు విప్పి కాళ్ళు ఎండకు పెట్టుకున్నాను.

దీనికి నువ్వు తిట్టుకుంటావు, తిట్టుకో. కానీ నేను చెప్పలేక ఇన్ని పేజీలు నాన్చింది ఇది కాదు.

ఆ పూటంతా నాకు నువ్వు గుర్తు రాలేదు. అత్త గుర్తు రాలేదు. మాలతి కూడా గుర్తు రాలేదు బావా. ఒక్కసారి కూడా రాలేదు. నాలుగేళ్ళుగా ఏ ముద్ద నోట్లో పెట్టుకున్నా పిల్ల తిన్నదో లేదో అనుకుంటాను. మంచి గౌను కనిపిస్తే దానికి సరిపోతుందా అని చూస్తాను. ఆ రోజు అన్ని పూలు చూశాను, అంత ఊరు చూశాను, ఇది మాలతికి చూపిస్తే బాగుండు అని నాకు తట్టలేదు. హోటలుకు తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాక గుర్తొచ్చింది, గుర్తు రాలేదని. నేనేం తల్లినో నాకే తెలీడం లేదు. అప్పటి నుంచే నిద్ర లేదు. నువ్వు మగవాళ్ళ పేర్లు వెతుక్కుంటున్నావు, నన్ను పీకేది ఇది.

పొద్దు వాలాక చలి పెట్టింది, ఊరంతా లైట్లు వేశారు. లేచి వచ్చిన దారినే నడిచి హోటలుకు పోయాను. కింద హాల్లో సారు, మేడం, ఒక పోలీసు ఉన్నారు. మేడం నన్ను చూసి మొదట అరిచింది, తర్వాత సోఫాలో కూలబడి ఏడ్చింది. "నీకేమైనా అయితే నీ బిడ్డకు నేనేం చెప్పాలి" అంది. దోహాలో ఏజెంటు ఆఫీసుకు అప్పటికే ఫోన్ చేసేశారు, అక్కడి నుంచి గయాజ్‌కూ, గయాజ్ నుంచి నీ స్పీకరుకూ చేరింది. విదేశం తీసుకుపోయిన పనిమనిషి కనబడకపోతే ఇక్కడ అందరికీ ముందు వచ్చే అనుమానం అదే. సారు మాత్రం నా ముఖం చూడకుండా, "తలుపు పట్టుకుని పిలిచాను కదా, ఎందుకు ఎక్కలేదు?" అని ఒక్క మాట అడిగాడు. ఆయనకు నిజంగానే తెలీదు.

పైన రూములో యుమ్మా మేలుకుని ఉంది. తలుపు వేయించి, "వేన్ రిహ్తీ?" అంది, ఎక్కడికి పోయావని. ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. వచ్చిన అరబ్బీలో చెప్పాను, రాని చోట గాల్లో వేలితో గుండ్రంగా గీసి చూపించాను. "ఒక్కదానివేనా?" అంది. అవునన్నాను. పక్కన కూర్చోమంది. "నేను ముసలిదాన్నయ్యాను. కొడుకో, మొగుడో, అన్నో పక్కన లేకుండా ఒక్క రోడ్డు దాటలేదు. పైనుంచి ఏం కనబడింది చెప్పు" అంది. అన్నీ చెప్పాను. చెప్పింది మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. చివర్లో నా చెయ్యి పట్టుకుని, "ఇది ఎవరికీ చెప్పకు. నీ మొగుడికి అసలు చెప్పకు" అంది. ఆమె లోకం చూసిన మనిషి. ఆమె మాట కాదని నీకు రాస్తున్నాను.

ఎందుకంటే నీతోనే బతకాలి కాబట్టి. తప్పిపోయానని రాస్తే నువ్వు నమ్మేస్తావు, ఊరి నోరు మూయిస్తావు, నాకు తెలుసు. కానీ ఆ తర్వాత ఎప్పుడు ఆ ఊరి పేరు వచ్చినా నేను నీ ముందు తల దించుకుని పక్కకు పోవాలి. అది నాకు చేతకాదు.

నా పని కాగితం గడువు జూన్ నెలాఖరుకు అయిపోతుంది. ఇంకో రెండేళ్ళకు రాయించుకుంటావా అని సారు మొన్న అడిగాడు. ఇంత జరిగినా అడిగాడంటే యుమ్మా పట్టుబట్టి ఉంటుంది. నేను రాయించుకోనని చెప్పేశాను. నీ జవాబు వచ్చేదాకా ఆగలేదు. యుమ్మా రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు నా సూట్‌కేసు చక్రం బాగుచేయించమని ఈ ఇంటి డ్రైవరుకు చెప్పింది. ఇంటికి రావద్దన్నావు కదా. ఆ ఇంటి గోడలు నేను కూడా అలికాను. వస్తాను. నన్ను ఎంత తిట్టాలన్నా ఎదురుగా నిలబెట్టి తిట్టు, మధ్యలో గయాజ్‌నీ తిమ్మప్పనీ పెట్టొద్దు. మాలతికి మాత్రం ఇది నేనే చెబుతాను, అది ఇంకొంచెం పెద్దదయ్యాక.

ఇక నువ్వు అడిగిన ఒట్టు. మాలతి నా ముందు కూర్చున్నట్టే, దాని నెత్తిన నా చెయ్యి ఉన్నట్టే అనుకుని రాస్తున్నాను. నేను అంతసేపూ దారి తెలియక తిరగలేదు, దారి నాకు తెలుసు. నా పక్కన ఎవరూ లేరు. నన్ను ఎవరూ వెతికి పట్టుకురాలేదు, పోలీసు తీసుకురాలేదు. వెళ్ళిపోదామనుకుంటే అంత పెద్ద ఊరు ఉంది, నా చేతిలో ఒక పూట ఉంది. పొద్దు వాలాక నా అంతట నేనే ఆ రోడ్డు దాటి వచ్చాను. జూన్‌లో ఇంటికి కూడా అట్లాగే వస్తాను.

ఇట్లు
నీ మరదలు
శివకుమారి